జీలకఱ్ఱ యేది? సీమజీలకఱ్ఱ యేది?

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసపాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమునందు కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో, దేశచరిత్రమును గూర్చియో ప్రసంగము జరుగుట పరిపాటి. పోపులపెట్టెలోని చిన్న గింజను గూర్చి ప్రసంగమేమని కొందరికి నవ్వు రావచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చు ప్రతి పుస్తకమును మాటలతో కట్టినదే. మాట యొక వస్తువును చూపుటకు పుట్టినది. వ్రాసినవాడు ఒక వస్తువును తలచి వ్రాయగా, చదివినవాడు వేఱొక వస్తువును గ్రహించినచో, ఆ పుస్తకము ఎంత గొప్పదైనను ఆ పుటలో అది నిష్ప్రయోజనమే. ఇట్టి పొరపాటునకు జీలకఱ్ఱను మించిన ఉదాహరణము దొరకుట కష్టము. ఈ గింజ పేరు మూడువేల యేండ్లుగా దేశదేశములు తిరిగి, తిరిగినచోటనెల్ల ఏదో యొక గింజకు అంటుకొని, పండితులను, వైద్యులను, వంటవారిని సమానముగా చిక్కులలో బెట్టినది.

తెలుగువారిలో జీలకఱ్ఱ లేని వంటిల్లు లేదు; జీలకఱ్ఱ లేని పెండ్లియు అరుదు. సుముహూర్తసమయమున వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరు జీలకఱ్ఱయు బెల్లమును కలిపి నూఱిన ముద్దను ఉంచుదురు. ఆ ముద్దను ఉంచిన క్షణమే అసలైన ముహూర్తమని పెద్దలందురు. చారునకు పోపు జీలకఱ్ఱతో. మజ్జిగలోనికి వేయించిన జీలకఱ్ఱపొడి. కడుపు బరువైన నాడు జీలకఱ్ఱ కషాయము. ఇంత దగ్గఱి వస్తువును ఎవరైనను పొరబడుదురా యని తోచును. పొరబడుదురు. పొరబడుచునే యున్నారు.

ఇటీవలి కాలమున తెలుగు బిడ్డలు చదువులకును ఉద్యోగములకును జర్మనీ, స్వీడన్, ఫిన్లాండు మొదలగు దేశములకు పోవుచున్నారు. జర్మనీలోని అంగడిలో ఒక గాజుసీసాపై 'క్యుమ్మెల్' అను పేరుండును. ఆంగ్లమున జీలకఱ్ఱను 'క్యుమిన్' అందురు గనుక ఆ పేరు చెవికి చుట్టమువలె వినబడును. సీసాలోని గింజయు సన్నగా, గోధుమవన్నెతో, నిలువుగీతలతో నుండును. అది జీలకఱ్ఱయే యని కొని తెచ్చి, నూనె కాచి, పోపు వేసినచో, పైకి లేచు వాసన తల్లి చేతి చారువాసన కాదు. సోపును నిమ్మతొక్కను కలిపి నలిపినట్టి వేఱొక వాసన వచ్చును. తిన్నవారికి జబ్బు చేయదు. కాని ఇల్లు జ్ఞప్తికి వచ్చుటకై పెట్టుకొన్న చారు, ఇల్లు ఎంత దూరమున్నదో జ్ఞప్తికి తెచ్చును.

ఇందు అంగడివాడు మోసము చేయలేదు. సీసాపై పేరును తప్పు కాదు. జర్మన్ భాషలో 'క్యుమ్మెల్' అనగా ఆంగ్లేయులు 'కారవే' అను గింజ. దానినే తెలుగున కొందరు సీమజీలకఱ్ఱ యనియు, కొందరు సీమసోపు అనియు అన్నారు. అసలు జీలకఱ్ఱ కావలసినవాడు ఆ దేశమున 'క్రొయిట్స్‌క్యుమ్మెల్' అని యడుగవలయును. స్వీడన్ దేశమున 'కుమ్మిన్' అన్నను సీమజీలకఱ్ఱయే. జీలకఱ్ఱకు 'స్పిస్‌కుమ్మిన్' అనవలయును. ఫిన్లాండులో 'కుమినా' అన్నను సీమజీలకఱ్ఱయే. జీలకఱ్ఱ 'యూస్తోకుమినా' అయినది.

గ్రామమున భూముల లెక్క తెలిసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఒకే పేరు గల చేలు రెండున్నను, ఒకే చేనికి రెండు పేర్లున్నను, తగవు తప్పదు. అట్టి తగవు వచ్చినప్పుడు పెద్దలు పేరును బట్టి తీర్పు చెప్పరు, హద్దులడుగుదురు. తూర్పున ఏ గట్టు, పడమట ఏ కాలువ, ఉత్తరమున ఎవరి చేను, దక్షిణమున ఏ బాట యని విచారించి, ఆ తరువాతనే పేరు నిర్ణయింతురు. గింజల విషయమునను అదియే న్యాయము. జీలకఱ్ఱకును సీమజీలకఱ్ఱకును నాలుగు హద్దులు గలవు. కన్ను ఒకటి, వ్రేలు ఒకటి, ముక్కు ఒకటి, మొక్క ఒకటి.

మొదటి హద్దు కన్ను. వంటలో గింజ యనునది నిజమునకు గింజ కాదు, చిన్న కాయ. ఈ జాతి కాయలన్నియు రెండేసి దళములు అతుకుకొని పుట్టును. జీలకఱ్ఱలో ఆ రెండు దళములు ఎండిన తరువాతను సామాన్యముగా విడిపోవు. చివర సన్నని తొడిమ ముక్కయు తఱచుగా మిగిలియుండును. అందుచేత జీలకఱ్ఱ నిటారుగా, నడుమ లావుగా, రెండు కొనలు సన్నగా కనబడును. వన్నె లేతగోధుమ, ఒక్కొక్కప్పుడు కొంచెము పచ్చదాళు. సీమజీలకఱ్ఱలో దళములు రెండును విడిపోవును. విడిపోయిన దళము నెలవంకవలె వంగియుండును, వన్నె ముదురుగోధుమ, దానిపై అయిదు గీతలు తెల్లగా తేరి కనబడును. అరచేతిలో రెండింటిని పోసి చూచినచో, ఒకటి నిలిచిన వడ్లగింజ, రెండవది వంగిన కొడవలి.

రెండవ హద్దు వ్రేలు. జీలకఱ్ఱ గీతలపై కంటికి కనబడియు కనబడని నూగు గలదు. వ్రేళ్ళ నడుమ నలిపినచో అది గరుకుగా తోచును. సీమజీలకఱ్ఱ నునుపు.

మూడవ హద్దు ముక్కు. జీలకఱ్ఱ వాసన వెచ్చనిది, మట్టివాసనకు దగ్గఱిది, కొంచెము చేదు కలిసినది. సీమజీలకఱ్ఱ వాసన చల్లనిది, సోపువాసనకు దగ్గఱిది, నిమ్మ ఛాయ గలది. కారణమును రసాయనశాస్త్రము చెప్పుచున్నది. జీలకఱ్ఱ తైలములో ముఖ్యమైన ద్రవ్యము 'క్యుమినాల్డిహైడ్'. సీమజీలకఱ్ఱ తైలములో ముఖ్యమైనవి 'కార్వోన్', 'లిమోనీన్' అనునవి. ఈ కార్వోన్ కథ వినదగినది. పుదీనా వాసనకు మూలమైన ద్రవ్యమును కార్వోనే. పుదీనాలోని అణువును సీమజీలకఱ్ఱలోని అణువును కుడిచేయి యెడమచేయి వంటివి. అద్దములో ఒకదాని నీడ రెండవది. పరమాణువులు అవియే, లెక్క అదియే, తిరుగుడు మాత్రము వేఱు. ఆ తిరుగుడును మనుష్యుని ముక్కు గుర్తించి, ఒకటి పుదీనా యనియు, రెండవది సీమజీలకఱ్ఱ యనియు వేఱుపఱుచునని 1971లో శాస్త్రజ్ఞులు శుద్ధమైన ద్రవ్యములతో నిరూపించిరి. కన్ను పొరబడినచోటను ముక్కు పొరబడదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

నాలుగవ హద్దు మొక్క. రెండును కొత్తిమీర కుటుంబమునకు చెందినవే. వాము, సోపు, ఇంగువ, కారెట్టు అన్నియు ఆ కుటుంబమువే. పూవులు గొడుగువలె గుత్తిగా విచ్చుట ఆ కుటుంబలక్షణము. లిన్నేయస్ పండితుడు 1753లో ప్రకటించిన గ్రంథమునందు జీలకఱ్ఱకు 'కుమినం సైమినం' అనియు, సీమజీలకఱ్ఱకు 'కేరం కార్వి' అనియు పేళ్ళు పెట్టెను. జీలకఱ్ఱ ఏకవార్షికము, మూరెడు మొక్క. మన దేశమున రబీలో, ఇంచుమించు నవంబరులో విత్తి, ఫిబ్రవరి మార్చి నెలలలో కోయుదురు. దానికి పొడిగా నుండు చలికాలము కావలయును. పూతవేళ మబ్బు పట్టి తేమ నిలిచినచో తెగులు తగిలి పైరు మాడిపోవును. కావుననే గుజరాతు, రాజస్థానములు జీలకఱ్ఱకు పుట్టినిండ్లవలె నైనవి. గుజరాతులోని ఊంఝా పట్టణపు మార్కెట్టు జీలకఱ్ఱ వర్తకమునకు పేరెన్నికగన్నది. సీమజీలకఱ్ఱయో, సామాన్యముగా ద్వివార్షికము. మొదటి యేడు ఆకులును దుంపవేరును పెంచుకొని, శీతకాలము గడపి, రెండవ యేట పూచి కాయును. చలిదేశపు పచ్చికబయళ్ళలో తనంతట తానును మొలచును. ఎండయు మంచును ఎంత దూరమో ఈ రెండు మొక్కల పుట్టుకలును అంత దూరము.

ఇంత స్పష్టమైన హద్దులుండగా పేర్లెట్లు కలిసిపోయినవి? ఇచ్చట కొంత చరిత్రము చెప్పవలయును. జీలకఱ్ఱ పేరు లోకములోని మిక్కిలి ప్రాచీనమైన పేళ్ళలో నొకటి. పూర్వము మెసొపొటేమియా వారు 'కమూను' అనిరి, హెబ్రీ భాషలో 'కమ్మోన్', అరబ్బీలో 'కమ్మూన్'. గ్రీకులు దానిని 'క్యుమినోన్' అనగా, లాటినులు 'క్యుమినుమ్' అనిరి. గ్రీసుదేశమున మైసినీ నగరశిథిలములలో దొరకిన మట్టిపలకలపై, క్రీస్తునకు పూర్వము పదుమూడవ శతాబ్దమునాటి లిపిలో 'కుమినో' అను మాట గలదు. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అను నాతడు చదివెను. చదివి చూడగా అవి కావ్యములు కావు, స్తోత్రములు కావు. కోష్ఠాగారములలోని సరకుల లెక్కలు! ఏ సరకు ఎంత యని నాటి లెక్కలవారు గీసియుంచిన పలకలే అన్ని రాజ్యములును కూలిన తరువాత మిగిలినవి. లెక్క సరిగా వ్రాసినవాని వ్రాత వృథా పోదనుటకు ఇది చాలును.

ఈ పేరు లాటినుతోడను, పిదప క్రైస్తవమతగ్రంథములతోడను ఉత్తరదేశములకు పోయినది. పేరు పోయినది గాని, మొక్క ఆ చలికి పోలేదు. అచ్చటి బయళ్ళలో దానిని పోలిన గింజ యొకటి ముందే యున్నది. క్రొత్తపేరు ఆ గింజకు అంటుకొన్నది. అట్లు జర్మన్ భాషలో జీలకఱ్ఱ పేరు సీమజీలకఱ్ఱకు స్థిరపడినది. ఆంగ్లేయులు మాత్రము రెండవ గింజకు అరబ్బీ భాషలోని 'కరావియా' అను పేరును లాటినుద్వారా గైకొని 'కారవే' యనిరి. రోమక పండితుడైన ప్లినీ యీ గింజ పేరు ఆసియామైనరులోని కారియా దేశమునుండి వచ్చినదని వ్రాసెను.

పేరు మాఱిన ఫలము గ్రంథములలో ఎట్లు కనబడునో చూడుడు. బైబిలులో యెషయా ప్రవక్త గ్రంథము ఇరువది యెనిమిదవ అధ్యాయమున ఒక కృషికుని ప్రస్తావన గలదు. అతడు నేల చదునుచేసి రెండు విధముల చిన్న గింజలను చల్లును. కోసిన పిమ్మట వాటిపై బండిచక్రము త్రిప్పక, ఒకదానిని కఱ్ఱతోను రెండవదానిని కోలతోను కొట్టి రాల్చును. ఏ గింజకు తగిన విధము దానికి గలదనియు, ఆ వివేకము కృషికునకు దేవుడిచ్చినదనియు అచ్చటి తాత్పర్యము. ఆ రెండింటిలో ఒకటి జీలకఱ్ఱ. రెండవది హెబ్రీలో 'కెత్సహ్'. అది నల్లజీలకఱ్ఱ యని పండితులలో పెక్కురి నిర్ణయము. 1611లో ఆంగ్లేయులు చేసిన ప్రసిద్ధానువాదమున దానిని పశువుల మేతకు వేయు ఒక పప్పుజాతి మొక్క పేరుతో వ్రాసిరి. 1952లో వచ్చిన అనువాదము దానిని సోయికూర గింజగా జేసినది. 1978లో వచ్చిన మఱియొక అనువాదము సీమజీలకఱ్ఱగా జేసినది. ఒకే మూలము, ఒకే భాష, మూడు అనువాదములు, మూడు గింజలు! తెలుగు బైబిలులో మాత్రము ఆ చోట నల్లజీలకఱ్ఱ, తెల్లజీలకఱ్ఱ యనియే కలదు. రెండు పేర్లును మన పల్లెటూళ్ళలో వాడుకలో నుండుటచేత తెలుగునకు ఆ లాభము కలిగినదని చెప్పవచ్చును. వంటింటి మాట పండితునకు దారి చూపిన సందర్భములలో ఇది యొకటి.

అయినను పరదేశములవారి పొరపాటును జూచి నవ్వుటకు తెలుగువారికి అధికారము లేదు. ఈ యింటిలోని చిక్కు అంతకంటె పెద్దది. అమరకోశమున వైశ్యవర్గమునందు తెల్లని దానికి జీరకము, జరణము, అజాజి, కణ యను పేర్లు గలవు. జరణమనగా జీర్ణింపజేయునది, జీరకశబ్దమును ఆ ధాతువునుండియే వచ్చినదని సంప్రదాయము. ఆ జీరకమే తమిళమున సీరకము, కన్నడమున జీరిగె, హిందీలో జీరా, తెలుగున జీలకఱ్ఱ యైనది. తెలుగులో కఱ్ఱ చేరుట నాలుక చేసిన పనియే గాని, గింజకును కఱ్ఱకును ఏ సంబంధమును లేదు. నల్లనిదానికి సుషవి, కారవి, పృథ్వి, పృథువు, కాల, ఉపకుంచిక యని అమరసింహుడు పేర్లిచ్చెను. అనగా ఆయన లెక్కలో జీలకఱ్ఱలు రెండు: తెల్లనిదొకటి, నల్లనిదొకటి.

పదునాఱవ శతాబ్దమునాటి భావమిశ్రుడు తన వైద్యగ్రంథమైన భావప్రకాశమునందు జీలకఱ్ఱలు మూడని చెప్పెను: జీరకము, కృష్ణజీరకము, ఉపకుంచిక. అమరసింహుడు నల్లనిదాని కిచ్చిన పేర్లలో కారవి, పృథ్వి, ఉపకుంచిక మొదలగునవి ఇచ్చట మూడవదాని పాలబడినవి. నిఘంటుకారుడు పేర్లు కూర్చువాడు. వైద్యుడు మందు నూఱువాడు. పేర్లు కూర్చువానికి రెండు చాలినవి. మందు నూఱువానికి మూడు కావలసివచ్చినవి. వస్తువును చేతబట్టినవానికి హద్దులు ఎక్కువగా కనబడుట సహజము.

నేడు ప్రభుత్వమువారి ఆయుర్వేద ఔషధకోశమున శ్వేతజీరకము జీలకఱ్ఱ యనియు, కృష్ణజీరకము కేరం కార్వి, అనగా సీమజీలకఱ్ఱ యనియు, ఉపకుంచిక 'నైజెల్లా సటైవా' యనియు నిర్ణయింపబడినది. ఈ మూడవదియే తెలుగువారి నల్లజీలకఱ్ఱ, హిందీవారి కలౌంజీ. ఇక్కడనే పెద్ద తిరకాసు. కృష్ణజీరకమను సంస్కృతపదమును మాటకు మాటగా తెనిగించినచో నల్లజీలకఱ్ఱ యగును. కాని తెలుగుదేశపు పచారికొట్టులో నల్లజీలకఱ్ఱ యని యడిగినచో దొరకునది కృష్ణజీరకము కాదు, ఉపకుంచిక. అది జీలకఱ్ఱ కుటుంబమునదే కాదు. కాటుకవలె నల్లనై, మూడు నాలుగు కోణములు గలదై, ఉల్లిగింజను పోలియుండును. నల్లనివన్నియు నీళ్ళు, తెల్లనివన్నియు పాలు అనుకొనువానికి ఈ తేడా తెలియదు. తెలిసికొనని పక్షమున గ్రంథము చూచి కట్టిన మాత్ర గ్రంథములోని మాత్ర కాదు.

ఇక షాజీరా సంగతి. హైదరాబాదు బిరియానీలో లవంగము, ఏలక, దాల్చినచెక్కలతో బాటు పడు సన్నని నల్లగింజ ఇది. షా యనగా రాజు. రాజుల జీలకఱ్ఱ యని అర్థము. అసలైన షాజీరా కాశ్మీరమునందును, హిమాచలప్రదేశమున కిన్నౌరు, లాహౌలు ప్రాంతములయందును, ఇరాను దేశమునందును పుట్టు దుంపమొక్క కాయ. విత్తిన తరువాత కొన్నియేండ్లకు గాని అది పూవదు. కావుననే వెల యెక్కువ. అది సీమజీలకఱ్ఱకంటె సన్నము, నలుపు, సువాసన మిక్కుటము. కాని అంగళ్ళలో షాజీరా పేరుతో తఱచుగా అమ్మబడునది సీమజీలకఱ్ఱయే. రెండును ఒకే కుటుంబమువి, రెండును వంకగింజలు. పేరు గొప్పది పెట్టినచో వెలయు గొప్పదే యగును. కొనువాడు చూడవలసినది పేరును గాదు, సన్నదనమును, నలుపును, వాసనను.

ఇవన్నియు చాలక అడవిజీలకఱ్ఱ యని వేఱొకటి గలదు. అది నులిపురుగులకు వైద్యులు వాడు మిక్కిలి చేదుగింజ; చామంతి కుటుంబమునది. హిందీలో దానిని కాలీజీరీ యందురు. కాలాజీరా కావలసినవాడు ఒక యక్షరము తప్పి కాలీజీరీ తెచ్చినచో వండిన కుండ పారబోయవలసినదే.

కుండ పోయిన పోవునుగాక! అసలు భయము వేఱు. పచ్చిబాలింతలకును, పసిపిల్లలకును ఇంటివైద్యము చేయుట మన పల్లెలలో పరిపాటి. తాళపత్రములోనో, పాత వహీలోనో 'నల్లజీలకఱ్ఱ తులమెత్తు' అని యుండును. వ్రాసిన తాతగారు ఏ గింజను తలచి వ్రాసిరి? కలౌంజీయా, షాజీరాయా, అడవిజీలకఱ్ఱయా? జీలకఱ్ఱయు సీమజీలకఱ్ఱయు కడుపులోని వాయువును హరించునవే గనుక వాటిలో ఒకటికి మాఱుగ మఱియొకటి పడినచో హాని తక్కువ. తక్కినవాటి గుణములు వేఱు, మోతాదు వేఱు. వ్రాతలో పేరు మాత్రమే యుండి గుర్తు లేనప్పుడు, ఊహించి నూఱి పోయుటకంటె వైద్యుని అడుగుట మేలు. కొత్తిమీర కుటుంబములో ప్రాణము తీయు మొక్కలును గలవు. సోక్రటీసునకు ఏథెన్సువారు త్రాగించిన విషము ఈ కుటుంబపు మొక్కదే. దాని కాయలును సోపుజాతి గింజలను పోలియుండును. పోలిక చూచి మొక్కను నమ్మరాదు.

ఇప్పుడు వంటింటికి మఱలివత్తము. ఒకదానికి బదులు వేఱొకటి వాడవచ్చునా? వాడరాదు. తక్కువ యెక్కువలను బట్టి కాదు. వాని పని వేఱు గనుక. జీలకఱ్ఱ వేడినూనెకు బెదరదు. నూనెలో చిటచిటలాడి, వన్నె మాఱి, అప్పుడే తన గుణము చూపును. పొడిగా వేయించి దంచినను వాసన హెచ్చును. కారము, పులుపు, పప్పు, పెరుగు అన్నిటితోడను అది కలియును. సీమజీలకఱ్ఱ మెల్లగా కాగు వంటలకు తగినది. రై యను ధాన్యపు పుల్లని రొట్టెలోను, పులియబెట్టిన క్యాబేజీలోను, హంగరీవారి మాంసపుకూరలోను, ఇంగ్లండువారి గింజలకేకులోను అదియే ప్రాణము. ఆ రొట్టె చేయు విధము తెలిపిన పుస్తకమును తెనిగించువాడు 'క్యుమ్మెల్'ను జీలకఱ్ఱ యని వ్రాసినచో, రొట్టె రొట్టె కాదు, పోపు పెట్టిన అట్టు అగును.

రెండింటి భేదమును బాగుగా నెఱిగిన దేశములును గలవు. ట్యునీసియావారు కొన్ని మసాలాలలో సీమజీలకఱ్ఱను, ధనియాలను, జీలకఱ్ఱను కలిపియే వాడుదురు. దేని వాసన దానిదే యని వారికి తెలియును. హాలండు దేశమున లైడెన్ అను ఊరి జున్నులో పడునది జీలకఱ్ఱయే. లెబనాను దేశమున బిడ్డ పుట్టినప్పుడు వచ్చినవారికెల్ల బియ్యపుపిండితో సీమజీలకఱ్ఱ వేసి కాచిన తీపి వంటకమును పంచుదురు. తెలుగువారి యింట పెండ్లికి జీలకఱ్ఱ, ఆ దేశమున పురుటికి సీమజీలకఱ్ఱ! మనుష్యులు తమ శుభకార్యములకు పిలిచిన గింజలను పొరబడుట ఆ శుభకార్యములకే అపచారము.

గృహిణులకు ఉపయోగపడు మాట యింకొకటి. జీలకఱ్ఱలో గడ్డిగింజలకు బొగ్గుపొడి పూసి కలుపు మోసము గలదు. కొన్ని గింజలను అరచేతిలో వేసి గట్టిగా నలిపి చూడవలయును. చేయి నల్లబడినచో అది కల్తీ. మంచి జీలకఱ్ఱ చేతికి వాసన నిచ్చును గాని మసి నీయదు. ఏ గింజయైనను పొడిగా కొనుటకంటె గింజగా కొనుట మేలు. పొడిలో హద్దులన్నియు చెరిగిపోవును. కన్ను, వ్రేలు పనికిరావు. ముక్కు ఒక్కటే మిగులును. గింజలను మూత గట్టిగా నుండు సీసాలో వెలుతురు సోకని చోట నుంచి, కావలసినప్పుడు కావలసినంత నూఱుకొనవలయును.

సోదరులారా! ఈ చిన్నగింజల కథ గ్రంథాలయమునకు చెప్పు బుద్ధి యొకటి గలదు. పుస్తకములు చదివినవాడు వస్తువును చూడకపోయినచో 1978నాటి అనువాదకులవలె నల్లజీలకఱ్ఱను సీమజీలకఱ్ఱ చేయును. వస్తువును చూచినవాడు పుస్తకము చదువకపోయినచో, తన ఊరి పేరే లోకమంతటి పేరని నమ్మి పరదేశపు అంగడిలో మోసపోవును. అమరము వల్లించిన పండితుడును, పోపు వేయు తల్లియు, పచారికొట్టు శెట్టిగారును ఒకచోట కూర్చుండి మాటాడుకొన్ననాడే ఏ పేరు ఏ గింజదో తేలును. అట్లు కూర్చుండుటకు గ్రామమున గ్రంథాలయముకంటె తగిన చోటు లేదు.

కావున ఈ రజతోత్సవసమయమున ఒక చిన్న పని చేయదగియున్నది. ఖర్చు స్వల్పము. అయిదు గాజుసీసాలు తెచ్చి, జీలకఱ్ఱ, సీమజీలకఱ్ఱ, అసలైన షాజీరా, నల్లజీలకఱ్ఱ, అడవిజీలకఱ్ఱ యని యైదింటిని వేఱువేఱుగ పోసి, ఒక్కొక్కదానిపై తెలుగుపేరు, సంస్కృతపేరు, శాస్త్రనామము వ్రాసి అంటించి, నిఘంటువులున్న బల్లపై ఉంచవలయును. చదువుకొను పిల్లలు నిఘంటువు తెఱచినప్పుడు సీసా మూతయు తెఱతురు. పొలము పేరు పట్టాలో నుండును. హద్దురాయి పొలములో నుండును. రెండును సరిపోయిననాడు తగవు లేదు. ఈ గ్రంథాలయమున మాటయు వస్తువును అట్లు సరిపోవుచు, రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ ఊరి బిడ్డలు ఏ దేశమునకు పోయినను, ఏ భాష చదివినను, తమ జీలకఱ్ఱను తాము గుర్తుపట్టుదురుగాక!

స్వస్తి.